తెలుగు మాటలో అక్షరాలెన్ని? వెబ్, డేటా అప్లికేషన్లు రాసేవారికి ఒక ముఖ్యమైన లెక్క

నమస్కారం. 2018 ఫిబ్రవరిలో మన లిపిలోని ఒక్క అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను ఇబ్బంది పెట్టింది. ‘జ్ఞా’ అనే అక్షరం లోపల, కంటికి కనిపించని ఒక గుర్తు ఒక ప్రత్యేకమైన చోట పడితే, ఆ సందేశాన్ని చూపించబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడిపోయేది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆ లోపాన్ని సరిదిద్దింది. చాలామంది దానిని ఒక వింతగా చెప్పుకుని మరిచిపోయారు. నాకు మాత్రం అది ఇప్పటికీ గుర్తుకు వస్తూనే ఉంటుంది, ఎందుకంటే అదే రకమైన పొరపాట్లు, అంత పెద్ద ఎత్తున కాకపోయినా, తెలుగును స్వీకరించే వెబ్‌సైట్లలోనూ డేటా అప్లికేషన్లలోనూ రోజూ జరుగుతున్నాయి. వాటిని నివారించే పనిముట్లు గత నాలుగైదేళ్ళలో బాగా అందుబాటులోకి వచ్చాయి. ఈ వీడియోలో వాటిని గురించే మాట్లాడతాను.

ముందుగా ఒక మాటను దగ్గరగా చూద్దాం. ‘స్త్రీ’ అనేది మనకు ఒకే అక్షరం. పలకమీద దిద్దించేటప్పుడు దానిని సకారానికి తవత్తు, రవత్తు, ఈత్వం అని విడదీసి చెబుతాం గాని, రాసింది ఒక్క అక్షరమే అన్న విషయంలో ఎవరికీ సందేహం ఉండదు. కంప్యూటర్ దానిని దాచుకునే తీరు వేరు. లిపులలోని ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క సంఖ్యను కేటాయించే ప్రమాణం యూనికోడ్. యూనికోడ్‌లో వత్తులకు విడిగా సంకేతాలు లేవు. స, ఒక పొల్లు గుర్తు, త, మరొక పొల్లు గుర్తు, ర, చివరికి ఈత్వపు గుర్తు అని ఆరు సంకేతాలు వరుసగా నిలబడతాయి. ఈ ఒక్కొక్కదాన్ని కోడ్ పాయింట్ అంటారు. ఆ సంఖ్యలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు కోడ్ పాయింట్‌కు మూడు బైట్లు పడతాయి కాబట్టి, ఆ ఒక్క అక్షరానికి 18 బైట్లు ఖర్చవుతాయి.

ఇక ‘ఈ మాట పొడవెంత?’ అని అడిగితే ఒక్కొక్క ప్రోగ్రామింగ్ భాష ఒక్కొక్క జవాబు చెబుతుంది. గో భాషలో లెన్ అని అడిగితే 18 అంటుంది. పైథాన్‌లో లెన్ అని అడిగినా, జావాస్క్రిప్ట్‌లో డాట్ లెంగ్త్ అని అడిగినా 6 అంటుంది. మనిషిని అడిగితే ఒకటి అంటాడు. ఇందులో ఏ జవాబూ తప్పు కాదు. ఏ ప్రశ్నకు ఏ జవాబును వాడుకుంటున్నామన్నదే తేడా. నిల్వకు ఎంత స్థలం కావాలో తెలియాలంటే బైట్లు లెక్కించాలి. డేటాబేస్‌లో వార్‌చార్ పది అని పొడవుకు హద్దు పెట్టినప్పుడు పోస్ట్‌గ్రెస్ గాని, మైఎస్‌క్యూఎల్ గాని లెక్కించేది కోడ్ పాయింట్లను. ఫారంలో మ్యాక్స్‌లెంగ్త్ అని పెట్టినప్పుడు బ్రౌజరు లెక్కించేదీ, తెలుగు విషయంలో, అదే సంఖ్య. తెర మీద మనిషికి చూపించేటప్పుడు మాత్రం అక్షరాలను లెక్కించాలి. ఈ మూడు లెక్కలను కలగాపులగం చేసినప్పుడే అసలు చిక్కులు మొదలవుతాయి.

నేను చాలాకాలం కిందట పనిచేసిన ఒక ప్రాజెక్టులో పార్సిళ్ళ మీద అంటించే చీటీల్లో పేర్లు తెలుగులో ముద్రించవలసి వచ్చింది. చీటీ ఇరుకుగా ఉండటంతో పేరును పది క్యారెక్టర్ల దగ్గర కత్తిరించమని ఎవరో ఒక వరుస కోడు రాశారు, నేను దానిని చూసి సరేనన్నాను. ఆంగ్లంలో పరీక్షించినప్పుడు ఏ ఇబ్బందీ కనిపించలేదు. ‘వెంకట లక్ష్మి’ అన్న పేరు వచ్చినప్పుడు చీటీ మీద ‘వెంకట లక్ష’ అని అచ్చయింది. వెంకట అన్నదానికి ఐదు కోడ్ పాయింట్లు, ఖాళీకి ఒకటి, ఆ తరువాత ల, క, పొల్లు, ష అని నాలుగు కలిసి సరిగ్గా పదికి తెగిపోయింది. లక్ష్మి పోయి లక్ష మిగిలింది. మరొక్క సంకేతం ముందుకు వెళ్ళి తెగి ఉంటే ‘లక్ష్’ అని పొల్లుతో ముగిసి, చూసినవారికి తప్పని వెంటనే తెలిసేది. అర్థమున్న వేరే మాటగా మారడం వల్ల మా పరీక్షల్లో ఎవరి కంటికీ ఆనలేదు. మనిషి లెక్కన ఆ పేరులో ఉన్నవి వెం, క, ట, ల, క్ష్మి అని ఐదే అక్షరాలు. అంటే కత్తిరించవలసిన అవసరమే లేదు. ఒకరి పేరును తప్పుగా అచ్చువేయడం చిన్న విషయం కాదని ఆ రోజు నాకు బాగా తెలిసివచ్చింది.

ఇప్పుడైతే ఆ పనికి జావాస్క్రిప్ట్‌లోనే ఒక పనిముట్టు ఉంది. దాని పేరు ఇంటల్ డాట్ సెగ్మెంటర్. భాషగా తెలుగును సూచించే టీఈ అన్న సంకేతాన్ని, గ్రాన్యులారిటీగా గ్రాఫీమ్ అన్న మాటను ఇచ్చి, మన వాక్యాన్ని దాని చేతికి అందిస్తే, అది మనిషి అక్షరమనుకునే తునకలుగా విడదీసి ఇస్తుంది. క్రోమ్‌లో ఇది 2020లోనే వచ్చింది, సఫారీలో 2021లో వచ్చింది, ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం 2024 ఏప్రిల్ వరకు ఆగవలసి వచ్చింది. అందువల్ల, బయటి లైబ్రరీలేవీ దించుకోకుండా అన్ని ప్రధాన బ్రౌజర్లలోనూ దీనిని ధైర్యంగా వాడుకునే వీలు ఇటీవలే కలిగిందని చెప్పాలి.

అయితే ఇక్కడ తెలుగువారు తప్పక తెలుసుకోవలసిన ఒక మెలిక ఉంది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1కు ముందున్న నియమాల ప్రకారం, పొల్లు తరువాత హల్లు వస్తే అక్కడ కొత్త తునక మొదలయ్యేది. అంటే ‘స్త్రీ’ అనేది స్, త్, రీ అని మూడు ముక్కలుగా విడిపోయేది. 15.1లో చేర్చిన కొత్త నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో పొల్లుతో కలిసే హల్లులను విడదీయకుండా ఒకే తునకగా ఉంచమంటుంది. వత్తును అక్షరంలో భాగంగా గుర్తించడానికి ఇన్నేళ్ళు పట్టింది.

దీని ఫలితం ఎక్కడ కనబడుతుందో చెబుతాను. ఫొటో పెట్టుకోని వినియోగదారుకు పేరులోని మొదటి అక్షరాన్ని ఒక గుండ్రటి బొమ్మలో చూపించడం ఇప్పుడు ప్రతి అప్లికేషన్‌లోనూ మామూలే. శ్రీనివాస్, శ్రీలత, శ్రీదేవి వంటి పేర్లు మన దగ్గర ఎంత ఎక్కువో మీకు తెలుసు. స్ట్రింగ్‌లోని మొదటి క్యారెక్టర్‌ను తీసుకునే పాత పద్ధతిలో వీరందరికీ ఒట్టి ‘శ’ కనబడుతుంది. పాత నియమాలతో నడిచే సెగ్మెంటర్ అయితే ‘శ్’ అని పొల్లుతో చూపిస్తుంది, ఇది ఇంకా వికారంగా ఉంటుంది. కొత్త నియమాలతో నడిచేదైతే చక్కగా ‘శ్రీ’ అని చూపిస్తుంది. మీ సర్వరులో ఒక వెర్షను, వినియోగదారు బ్రౌజరులో మరొక వెర్షను ఉంటే ఒకే పేరుకు రెండు చోట్ల రెండు జవాబులు వస్తాయి కాబట్టి, అక్షరాల లెక్కను ఏదో ఒకచోటే చేయడం మేలు. పొడవైన పేర్లను ఇరుకు చోట చూపించడానికైతే డేటాను కత్తిరించకుండా, పట్టని భాగానికి బదులు మూడు చుక్కలు చూపించే సీఎస్‌ఎస్‌లోని టెక్స్ట్ ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్‌కు ఆ పని అప్పగించడం నా దృష్టిలో అన్నిటికంటే క్షేమమైన దారి.

ఇక డేటా వైపు వద్దాం. నేను ఎక్కువసేపు ఆగదలచుకున్నది ఇక్కడే.

‘హైదరాబాద్’ అన్న మాటలోని ‘హై’ చూడండి. ఐత్వానికి యూనికోడ్‌లో ఒక సంకేతం ఉంది. అదే ఐత్వాన్ని, పైన ఎత్వపు గుర్తు, కింద ఐత్వపు తోక అని రెండు సంకేతాలుగా కూడా రాయవచ్చు. తెర మీద రెండూ అచ్చం ఒకేలా కనబడతాయి. పాత ఫాంట్ల నుంచి మార్పిడి చేసిన ఫైళ్ళలోనూ, రకరకాల ప్రోగ్రాముల మధ్య తిరిగి వచ్చిన డేటాలోనూ ఈ రెండో రూపం అప్పుడప్పుడు తగులుతుంది. అలాంటి పట్టిక మీద ఊరి పేరు ప్రకారం గ్రూప్ బై చేస్తే, అంటే ఒకే పేరున్న వరుసలను కలిపి మొత్తం వేస్తే, హైదరాబాద్ రెండు వరుసల్లో, రెండు వేర్వేరు మొత్తాలతో కనబడుతుంది. ఎంతసేపు చూసినా తేడా ఏమిటో కంటికి అంతుపట్టదు. దీనికి మందు ఎన్‌ఎఫ్‌సీ అనే సాధారణీకరణ. అది రెండు సంకేతాలుగా ఉన్న ఐత్వాన్ని ఒకటిగా కూర్చుతుంది. జావాస్క్రిప్ట్‌లో స్ట్రింగ్‌కు నార్మలైజ్ అనే మెథడ్ ఉంది, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లో అదే పేరుతో ఫంక్షన్ ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో 2020లో వచ్చిన 13వ వెర్షను నుంచి నార్మలైజ్ అని నేరుగా క్వెరీలోనే రాయవచ్చు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో పుట్టి, 2024 జూన్‌లో 1.0 వెర్షనుకు చేరుకున్న డేటాబేస్ ప్రోగ్రాము డక్‌డీబీలో ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజ్ అనే ఫంక్షనుతో పాటు, గ్రాఫీమ్‌లను లెక్కించే లెంగ్త్ గ్రాఫీమ్, బైట్లను లెక్కించే స్ట్రలెన్ కూడా విడివిడిగా ఉన్నాయి. సర్వరేదీ పెట్టుకోకుండా మీ ల్యాప్‌టాప్‌లోనే పెద్ద సీఎస్‌వీ ఫైలును తెరిచి, కోడ్ పాయింట్లతో కలిపి ఈ మూడు లెక్కలనూ పక్కపక్కన వేసి చూస్తే, మీ డేటాలో ఎక్కడ ఏ రోగముందో కొద్దిసేపట్లో తెలిసిపోతుంది. తెలుగు డేటా చేతికి రాగానే నేను చేసే మొదటి పని ఇదే.

ఎన్‌ఎఫ్‌సీతో తీరని చిక్కు మరొకటి ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు టకారపు పొల్లు తరువాత వకారం వత్తుగా మారకుండా ఉండటానికి, మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తును పెడతాం. ఆనాడు ఐఫోన్లను ఇబ్బంది పెట్టిన ‘జ్ఞా’లో ఇరుక్కున్నది కూడా ఈ గుర్తే. కొన్ని కీబోర్డులు దానిని పెడతాయి, కొన్ని పెట్టవు. పెట్టకపోతే ‘సాఫ్ట్వేర్’ అని వవత్తుతో వస్తుంది. చదివేవారు రెండిటినీ ఒకే మాటగా చదువుకుంటారు. కంప్యూటర్‌కు మొదటిది 11 కోడ్ పాయింట్లు, రెండోది 10, కనుక ఒకదానిని వెతికితే రెండోది దొరకదు. ఈ గుర్తును డేటా నుంచి పూర్తిగా తీసేస్తే సరిపోతుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. నేను దానిని గట్టిగా వ్యతిరేకిస్తాను, ఎందుకంటే రాసినవారు కావాలని పెట్టుకున్న రూపాన్ని మనం చెరపడానికి వీల్లేదు. అసలు పాఠాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఒక కాలమ్‌లో ఉంచి, వెతకడానికి మాత్రం ఈ గుర్తును తీసివేసి ఎన్‌ఎఫ్‌సీ చేసిన రూపాన్ని మరొక కాలమ్‌లో పెట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో 12వ వెర్షను నుంచి ఉన్న జనరేటెడ్ కాలమ్, అంటే మరో కాలమ్ నుంచి తన విలువను లెక్కించుకునే కాలమ్, ఈ పనిని తనంతట తానే చేస్తుంది. వినియోగదారు వెతుకుతున్న మాటను కూడా అదే జల్లెడలో వేసి, ఆ రెండో కాలమ్‌తో పోల్చాలి.

హైదరాబాద్, హైదరాబాదు, హైదరాబాదులో, హైదరాబాదుకు అన్న రూపాలు మాత్రం ఇలా కలవవు. అవి సంకేతాల తేడాలు కావు, భాషలోని తేడాలు. విభక్తులు మాటకు అతుక్కుపోయే మన భాషలో వెతుకులాటకు ప్రత్యయాలను విడదీసే ప్రోగ్రాము కావాలి. వెతుకులాట లైబ్రరీ అయిన అపాచీ లూసీన్‌లో తెలుగుకంటూ ఇలాంటి పని చేసే ఒక అనలైజరు చేరింది. పెద్ద ఎత్తున వెతుకులాట అవసరమైనవారు అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

కృత్రిమ మేధ నమూనాలను తమ అప్లికేషన్‌కు జోడిస్తున్నవారికి నాలుగో లెక్క ఒకటి ఉంది, అది టోకెన్లది, అంటే నమూనా పాఠాన్ని చదువుకోవడానికి విడదీసుకునే తునకలది. ఖర్చూ, వేగమూ దాని మీదే ఆధారపడతాయి. 2024 మేలో జీపీటీ-4ఓ నమూనాను ప్రకటించినప్పుడు ఓపెన్‌ఏఐ ఇచ్చిన పోలికలో, మచ్చుకు తీసుకున్న తెలుగు వాక్యాలకు, పాఠాన్ని అలా విడదీసే పాత టోకెనైజరుతో 159 టోకెన్లు పడితే, కొత్తదానితో 45 మాత్రమే పడ్డాయి. అంటే మనం వాడే మాట మారకపోయినా, టోకెనైజరు మారితే టోకెన్ల లెక్క మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది. కనుక ఏ నమూనాను ఎంచుకోవాలో తేల్చేముందు, ఆంగ్లంలో ప్రకటించిన ధరలు చూసి ఊరుకోకుండా, మీ సొంత తెలుగు పాఠాన్ని దాని టోకెనైజరులో వేసి లెక్క చూసుకోండి. పెద్ద పత్రాలను ముక్కలు చేసి నమూనాకు అందించేటప్పుడు, ఇన్ని బైట్లకు ఒక ముక్క అని కోస్తే అక్షరం నడుమ తెగుతుంది. వాక్యం చివర, అదీ కుదరకపోతే మాట చివర కోయాలి. ఎస్సెమ్మెస్‌లు పంపేవారికి కూడా ఇలాంటి పట్టింపే ఉంది: మామూలుగా ఆంగ్లంలో 160 క్యారెక్టర్లు పట్టే ఒక సందేశంలో తెలుగుకు 70 కోడ్ పాయింట్లే పడతాయి, ‘వెంకట లక్ష్మి’ అన్న పేరొక్కటే వాటిలో 13 తీసుకుంటుంది.

చివరిగా, పరీక్షల సంగతి. తెలుగును స్వీకరించే ప్రతి ప్రాజెక్టులోనూ నేను టెస్ట్ ఫైలులో కొన్ని మాటలు తప్పకుండా పెడతాను: స్త్రీ, శ్రీలత, వెంకట లక్ష్మి, జ్ఞానం, కనిపించని గుర్తుతో ఒకసారి, అది లేకుండా ఒకసారి సాఫ్ట్‌వేర్, రెండు రకాల ఐత్వాలతో హైదరాబాద్. వీటిని ఫారంలో నింపి, డేటాబేస్‌లో దాచి, వెతికి, కత్తిరించి, తిరిగి తెర మీదికి తెచ్చి చూస్తాను. వీటిలో ‘స్త్రీ’ని ఒక బటన్ మీద కూడా పెట్టి చూడండి. ఆంగ్లానికి సరిపోయేలా ఎత్తును బిగించిన బటన్లలో కింది వత్తులు సగానికి తెగిపోతాయి; లైన్ హైట్‌ను పెంచి, ఎత్తును బిగించకుండా వదిలేస్తే అక్షరం నిండుగా కనబడుతుంది.