ఊరు అడిగిందే ఇద్దాం

అందరికీ నమస్కారం. ఆదివారం పూట, ఈ ఎండలో, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దాకా ఇంతమంది వచ్చారంటే పల్లెకి ఏదో చెయ్యాలన్న తపన మీకు గట్టిగానే ఉంది. అది సరైన చోట ఖర్చవ్వాలనే ఈ నాలుగు మాటలు.

మనం ఇవ్వబోయేదాన్ని దానంగా చూడొద్దని ముందే మనవి చేస్తున్నాను. విశాఖ పల్లెలకి బాకీ పడి ఉంది. దేవరాపల్లి దగ్గర శారదా నది మీది రైవాడ జలాశయం నీళ్లలో కొంత మన కుళాయిల్లోకి వస్తోంది. ఆ నీళ్లు పొలాలకే వదలమని అక్కడి రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. ఎంవీపీ కాలనీ రైతు బజారులో మనం బేరమాడే ఆనపకాయ వెనక, చీకటితోనే లేచి ఆటో ఎక్కించిన రైతు ఉంటాడు. బాకీ తీర్చడానికి వెళ్లినవాళ్లం అక్కడ పెత్తనం చెయ్యలేం కదా.

చాలా ఊళ్లలో మీరూ చూసే ఉంటారు. దాత పేరు చెక్కిన రాయి మెరుస్తూ ఉంటుంది, పక్కనే వాటర్ ప్లాంటుకి తాళం. ఫిల్టరు ఎవరు మార్పించాలి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్నది ప్రారంభోత్సవానికి ముందు ఎవరూ తేల్చలేదు. ఊరివాళ్లకి బాధ్యత లేదని తర్వాత మనమే విసుక్కుంటాం. వాళ్లని ఎవరైనా అడిగారా, ముందుగా ఏం కావాలని?

మన దగ్గరే దారి చూపినవాళ్లు ఉన్నారు. భాగవతుల పరమేశ్వరరావు గారు అమెరికాలో న్యూక్లియర్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి, దిమిలిలో హైస్కూలుతో పని మొదలుపెట్టారు. ఆయన 1976లో పెట్టిన ట్రస్టు ఎలమంచిలి ప్రాంతంలో వేళ్లూనుకుంది. అంత చదివిన మనిషి ఊళ్లోనే ఉండిపోవడం నాకు అన్నిటికంటే పెద్ద సాయంగా కనిపిస్తుంది.

అరకు కాఫీ సంగతి చూడండి. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు కాఫీ ఎప్పటినుంచో పండిస్తున్నారు. దళారీ చెప్పిందే ధరగా ఉండేది. చిన్న, సన్నకారు గిరిజన రైతులు పరస్పర సహాయక సహకార సంఘంగా ఏర్పడి, ఎర్రగా పండిన కాయే కోసి, ఒకచోట గింజ తీయించి, కలిసి అమ్మడం మొదలుపెట్టాక బేరం చేసే బలం వచ్చింది. నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ వెనక నిలబడింది. 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపూ (జీఐ ట్యాగు) వచ్చింది. బయటి సాయం ఉంది, కానీ సంఘం రైతులది.

ఇక మైదానం ఊళ్లకి వద్దాం. ఇక్కడ నా దృష్టి చెరువు మీదే ఉంటుంది. పూడిక నిండి, నీళ్లు వదిలే మదుము (తూము) పాడై, గట్టు మీద తుప్పలు పెరిగిన చెరువులు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. డబ్బిస్తే జేసీబీ వారంలో మట్టి ఎత్తేస్తుంది. కష్టమంతా ఆ తర్వాత మొదలవుతుంది. మదుము ఎప్పుడు ఎత్తాలి, ఎవరు ఎత్తాలి? చెరువు కిందే పొలం ఉన్నవాడికి రెండో తడి అందేసరికి చివరి మడికి మొదటి తడైనా చేరుతుందా? ఎకరానికి ఎవరెంత వేసుకుంటారు? వీటిమీద ఊరు గట్టిగా పోట్లాడుకుని ఒక మాటకి వచ్చాకే మనం చెక్కు రాయాలి. ఆ పోట్లాట చూసి టెన్షన్ పడకండి, అది జరగకపోతేనే అనుమానించండి. ఊరు వేసుకున్న వాటా చిన్నదైనా సరే, ఆ డబ్బు పడ్డాక చెరువు వాళ్లదవుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం కావాలి. ఊరంతా ఒప్పుకుంది అని నలుగురు పెద్దలు చెప్తే నమ్మేయకండి. రావిచెట్టు కింద మీటింగులో కౌలు రైతు ఉన్నాడా? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టంలో కూడా భూమి యజమాని సంతకం పెడితేనే అతనికి సాగు హక్కు కార్డు. భూమి చేజారుతుందేమోనని యజమానికి భయం, అందుకని సంతకం ఉండదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు దగ్గర్నుంచి పంట నష్టం దాకా అన్నిట్లో ఇబ్బందే. నాట్లు వేసే ఆడవాళ్లు వచ్చారా? ఎస్సీ కాలనీ నుంచి వచ్చినవాళ్లు కూర్చున్నారా, దూరంగా నిలబడ్డారా? వీళ్లు నోరు విప్పేదాకా మనం ఆగాలి. అవసరమైతే వాళ్ల వీధికే వెళ్లి విడిగా కూర్చోవాలి.

కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకి పెట్టాలి. మీ ఆఫీసులో ఆ ఫైలు చూసేవాళ్లతో మాట్లాడండి. కట్టడానికే కాకుండా తర్వాత రెండు మూడేళ్ల నిర్వహణకీ, ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లకి మోటారు, పంపు రిపేరు నేర్పించడానికీ డబ్బు పెట్టమనండి. బోర్డు మీద పేరు చిన్నగా రాయించినా ఫర్వాలేదు, లెక్కలు మాత్రం పంచాయతీ గోడ మీద అందరికీ కనపడేలా పెద్దక్షరాల్లో ఉండాలి.

ఊళ్లకి వెళ్దామనుకునేవాళ్లు బయట టేబుల్ దగ్గర పేరు రాసి వెళ్లండి. మొదటిసారి డబ్బులేమీ తేవద్దు, ఒక పూట కూర్చుని వినే ఓపిక తెచ్చుకోండి. చెరువులో నీళ్లు చేరాక మదుము జోలికి వెళ్లలేం, కాబట్టి ఊరు ఒక మాట మీదకి వస్తే పని మే నెలలోపే అయిపోవాలి.