టిక్కు పెట్టినా తలుపు తెరవకపోతే

విశాఖ శ్రోతలకు నమస్కారం.

కిందటి వానాకాలంలో ఒక రాత్రి ఎనిమిదిన్నరకి మా కింది పోర్షన్ మాస్టారు వచ్చి తలుపు తట్టారు. మేముండేది సీతమ్మధారలో. మాస్టారు విజయనగరం వైపు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. మనవరాలి హాస్టల్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టడానికి ఆ రాత్రి పన్నెండు దాకే గడువు. "ఏటమ్మా ఇది? మధ్యాహ్నం నుంచి నేను మనిషినేనని నొక్కుతూనే ఉన్నాను. అది ఒప్పుకోవడం లేదు" అన్నారు. మనిషి బాగా టెన్షన్‌లో ఉన్నారు.

కిందకి వెళ్లి చూశాను. మీరు మనిషేనా అని అడిగే చిన్న గడి ఉంటుంది కదండీ, అదే. టిక్కు పెట్టగానే చక్రం తిరుగుతోంది, పచ్చ టిక్కు వస్తోంది, మళ్లీ అదే పేజీ, మళ్లీ ఖాళీ గడి. నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ అంతే.

మొదట ఇంటర్నెట్‌ని అనుమానించాను. నా ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇచ్చినా మార్పు లేదు. కంప్యూటర్‌లో తేదీ, టైము చూశాను. అవి తప్పుగా ఉన్నా ఈ తనిఖీ దెబ్బతింటుంది. రెండూ సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ఇన్‌కాగ్నిటో విండో, అంటే పాత గుర్తులేవీ లేకుండా కొత్తగా మొదలయ్యే విండో తెరిచాను. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. అదే అడ్రసు కొట్టాం. ఒక్క టిక్కుతో లోపలికి వెళ్లిపోయాం.

ముందు ఫీజు కట్టేశాం. రసీదు చేతికొచ్చాకే కారణం వెతకడం మొదలుపెట్టాం. మాస్టారు కారణం తెలియకుండా నిద్రపోయే మనిషి కాదు.

సింహాచలం కొండ మీద చెప్పుల స్టాండులో టోకెన్ ఇస్తారు. తిరిగొచ్చి ఆ టోకెన్ చూపిస్తే మన చెప్పులు మనకిస్తారు. సైట్లు మన బ్రౌజర్‌లో దాచే కుకీ అనే చిన్న గుర్తు కూడా అలాంటి టోకెనే. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటులీ అనే ఇంజనీరు దీన్ని తీసుకొచ్చారు. మనల్ని పరీక్షించిన సైటు "ఈయన మనిషే" అని ఒక టోకెన్ మన బ్రౌజర్ చేతిలో పెడుతుంది. తర్వాతి పేజీలో ఆ టోకెన్ చూపించాలి. దారిలో ఎవరైనా దాన్ని లాగేసుకుంటే, పాపం ఆ స్టాండులో అబ్బాయి మాత్రం ఏం చేస్తాడు? మళ్లీ మొదటి నుంచీ అడుగుతాడు. అందుకే ఆ గడి మళ్లీ మళ్లీ వస్తుంది.

మరి లాగేసుకున్నది ఎవరు? బ్రౌజర్ పైన కుడివైపు పజిల్ ముక్కలాంటి బొమ్మ ఉంటుంది. అది నొక్కితే మూడు ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు కనిపించాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు హైదరాబాద్ అల్లుడు పెట్టాడట. ఒకటి ప్రకటనలు ఆపేది, ఒకటి మనల్ని వెంబడించే ట్రాకర్లని ఆపేది, ఇంకొకటి కూపన్లు వెతికేది. మామూలుగా ఇన్‌కాగ్నిటోలో ఇవేవీ పనిచేయవు, పాత కుకీలూ ఉండవు. అక్కడ తలుపు తెరుచుకుంది కాబట్టి, తప్పు ఎక్స్‌టెన్షన్‌దో పాత కుకీదో అయ్యుండాలి.

ఒక్కొక్కటీ ఆపుతూ పేజీని రీలోడ్ చేశాం. ఒక్కొక్కటే అండీ, మూడూ ఒకేసారి ఆపితే దొంగ ఎవరో తెలియదు. రెండోది, ట్రాకర్లని ఆపేది, దాన్ని ఆపగానే గడి దాటింది.

దాని తప్పూ పెద్దగా లేదు. ఈ తనిఖీ చాలాసార్లు మనం తెరిచిన సైటు నుంచి రాదు, గూగుల్ రీక్యాప్చా, క్లౌడ్‌ఫ్లేర్ టర్న్‌స్టైల్ లాంటి వేరే చోటి నుంచి వస్తుంది. మన ఎక్స్‌టెన్షన్ ఒక కాపలావాడు అనుకోండి, వాడి కంటికి అదీ ఒక పరాయి ట్రాకర్‌లాగే కనిపిస్తుంది. పైగా గూగుల్ 2014లో ఈ ఒక్క టిక్కు పద్ధతి తెచ్చినప్పటి నుంచీ, టిక్కు వెనక బ్రౌజర్ నడవడిని కూడా చూస్తున్నారు. మన ఎక్స్‌టెన్షన్ ఆ గుర్తులు దాచేస్తే అవతలివాళ్లకి అనుమానం రావడం సహజమే.

"అయితే అన్నీ తీసేద్దామా?" అన్నారు మాస్టారు. వద్దన్నాను. నా బ్రౌజర్‌లోనూ అలాంటిది ఒకటుంది, నేను తీయను. మనం ఏం చదువుతున్నామో, ఏం కొంటున్నామో ప్రతివాడికీ తెలియాల్సిన పని లేదు. ఈ రాత్రి మీరు ఒక్కటి గుర్తుంచుకుంటే నాకు చాలు. కాపలావాడిని పంపేయకండి, ఆ ఒక్క సైటుకే దారి ఇమ్మనండి. ఇలాంటి ఎక్స్‌టెన్షన్లలో చాలావాటికి, వాటి బొమ్మ మీద నొక్కితే ఈ సైటులో మాత్రమే ఆపే బటన్ ఉంటుంది. అది నొక్కి, పేజీ రీలోడ్ చేస్తే సరిపోతుంది.

పాత కుకీ వల్ల వచ్చిన తంటా అయినా అంతే. ఆ ఒక్క సైటు కుకీలే తుడవండి, అడ్రసు పక్కనున్న బొమ్మ నొక్కితే ఆ దారి కనిపిస్తుంది. మొత్తం తుడిచేస్తే ప్రతి చోటా మళ్లీ పాస్‌వర్డు, మళ్లీ ఓటీపీ. ఫోన్‌లో ఈ చిక్కు వస్తే, మన ఇంటర్నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ యాప్ గానీ, సెట్టింగుల్లో ప్రకటనలు ఆపడానికి పెట్టుకునే ప్రైవేట్ డీఎన్ఎస్ గానీ ఉందేమో చూడండి.

ఇంకొక్క మాట. మనిషేనని నిరూపించుకోవడానికి విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఏదో పేస్ట్ చేయమని ఏ పేజీ అయినా అడిగితే, వెంటనే మూసేయండి. అది మోసం. అసలైన తనిఖీ ఆ పని ఎప్పుడూ చెప్పదు.

ఆ రాత్రి పదిన్నరకి మాస్టారు అల్లుడికి ఫోన్ చేశారు. "నువ్వు పెట్టినవి ఏవీ తీయలేదు బాబూ, ఆ హాస్టల్ వాళ్ల దగ్గర మాత్రం ఒకదానికి సెలవిచ్చాం" అని చెప్పి, దాని పేరు డైరీలో రాసుకున్నారు.