ఎత్తే ఇంధనం: రేడియో గ్లైడర్ల నిర్మాణం, ఎగరవేత

సభకు నమస్కారం. పర్లాకిమిడి ఉపాధ్యాయులకు, సరిహద్దు దాటి పాతపట్నం నుంచి వచ్చిన మిత్రులకు, కాశీనగరం నుంచి తెల్లవారి బస్సుకే బయల్దేరిన పిల్లలకు, వాళ్ళను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నా అభివాదాలు. వాడుక మాటకు గౌరవం తెచ్చిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిలో మాట్లాడుతున్నాను కనుక, ఈ పనిలో మేము నిత్యం వాడే మాటలనే వాడతాను. సర్వోను, అంటే రేడియో సంకేతాన్ని బట్టి తోక పలకలను కదిలించే చిన్న మోటారును, సర్వో అనే అంటాను, రెక్కను రెక్క అనే అంటాను.

మీ ముందు బల్ల మీద ఉన్న గ్లైడర్ రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లు. మొత్తం బరువు 800 గ్రాములు. ఇంజను లేదు. ఇంజను లేనిది గాలిలో ఎలా నిలుస్తుందని చాలామంది అడుగుతారు. నిజానికి అది నిలవదు, ఎప్పుడూ దిగుతూనే ఉంటుంది. పల్లంలో సైకిలు తొక్కకుండానే జారినట్టుగా, గ్లైడర్ తన ఎత్తును కొంచెం కొంచెంగా ఇచ్చుకుంటూ వేగాన్ని నిలుపుకుంటుంది. ఆ వేగమే రెక్కకు పైకెత్తే బలాన్ని ఇస్తుంది. కదలిక లేని గాలిలో ఈ తరహా గ్లైడర్ సెకనుకు సుమారు అర మీటరు దిగుతుంది. అంటే 120 మీటర్ల ఎత్తున వదిలితే లెక్క ప్రకారం నాలుగు నిమిషాల్లో నేలకు వస్తుంది. ఆ ఎత్తే దాని ఇంధనం, దాని చేతిలో ఉన్న సొమ్మంతా అదే. కట్టేటప్పుడు, లోపల పరికరాలు అమర్చేటప్పుడు, ఎగరవేసేటప్పుడు మనం చేసే ప్రతి పనీ ఆ సొమ్మును వృథా కానివ్వకుండా చూసుకోవడమే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

ఈ విద్యకు పూర్వులు పెద్దవాళ్ళే. ఇంగ్లండులో జార్జి కేలీ 1804లో చిన్న నమూనా గ్లైడర్‌ను ఎగరవేసి చూశాడు. జర్మనీలో ఆటో లిలియెంతాల్ 1891 నుంచి తానే రెక్కలు కట్టుకొని గుట్టల మీద నుంచి దూకుతూ పరీక్షలు చేసి, 1896లో అటువంటి ఒక ప్రయత్నంలోనే పడి ప్రాణం విడిచాడు. నమూనా విమానాన్ని రేడియోతో నడపడం అమెరికాలో వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు 1937లో సాధించారు. మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగం శిక్షణలో ఏరోమోడలింగ్ కూడా ఒక భాగం. నేను మొదట బాల్సా చెక్కను చేత పట్టుకున్నది అక్కడే.

బాల్సా దక్షిణ అమెరికా అడవుల చెట్టు. ఘనపు మీటరు కర్ర 100 నుంచి 200 కిలోల మధ్య తూగుతుంది, మన టేకు దానికి మూడు నాలుగు రెట్లు ఉంటుంది. ఒకే కట్టలో వచ్చిన పలకలు కూడా ఒకే బరువు ఉండవు కనుక, నేను ప్రతి పలకనూ కంసాలి తూకం లాంటి చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి, అంచున పెన్సిలుతో బరువు రాస్తాను. గట్టి పలకలు రెక్క మధ్యభాగానికి, తేలికవి రెక్క కొసలకు, అన్నిటికంటే తేలికవి తోకకు వెళ్తాయి. రెక్క మొత్తం బరువును మోసే దూలానికి బాల్సా చాలదు. స్ప్రూస్ కర్ర గానీ కార్బన్ గొట్టం గానీ వాడతారు. ఈ ప్రాంతంలో నాకు ఎక్కువగా పనికొచ్చింది వెదురు. అయితే ఒక షరతు ఉంది. వెదురు బలమంతా పైపొరలోనే ఉంటుంది కనుక, గాలిపటాల పుల్లలు చెక్కేవాళ్ళు చేసినట్టే లోపలి మెత్తని భాగాన్ని తీసివేసి, నునుపైన బయటి వైపును దూలానికి పైకీ కిందికీ వచ్చేలా అతికించాలి. కణుపులు రెండు రెక్కల్లోనూ ఒకే దూరంలో పడేలా చూసుకోవాలి. లేకపోతే ఒక రెక్క ఎక్కువ, ఒకటి తక్కువ వంగుతాయి.

ఇక్కడ మన ఊరి పనితనం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. తోకలో ముక్కును ఎత్తి దించే పలక ఎలివేటర్‌కు, పక్కకు తిప్పే పలక రడ్డర్‌కు తగిలించే చిన్న కొక్కెం లాంటి ముక్కను మేము హార్న్ అంటాము. హార్న్ అంటే కొమ్ము అనే కదా! నా మొదటి గ్లైడర్‌కు ప్లాస్టిక్ హార్న్ దొరకనప్పుడు, మా వీధిలో కొమ్ముపని చేసే పెద్దాయన ఒకరు గేదె కొమ్ము తునక తీసుకొని, ఆకురాయితో రుద్ది, గోరంత మందం ఉన్న ముక్క చేసి ఇచ్చారు. దానికి సన్నని బెజ్జం వేసేటప్పుడు కాలిన వెంట్రుకల వాసన వచ్చింది. పర్లాకిమిడి కొమ్ము కొంగలను, రొయ్యలను దేశమంతా కొనుక్కుంటారు, వాటిని చేసిన చేతులకు ఒక మిల్లీమీటరు బెజ్జం లెక్కలోది కాదు. ఆ ముక్క పగల్లేదు, బెజ్జం అరగలేదు. సర్వో నుంచి వచ్చే తీగ దూరే ఆ బెజ్జం వదులైతే ఎలివేటర్ గాలిలో అదురుతుంది, వేగం పెరిగితే ఆ అదురు తోకనే విరిచేస్తుంది. అందుకే అంత చిన్న ముక్క గురించి ఇంత చెప్పాను.

తోక మాట వచ్చింది కనుక నా తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి గ్లైడర్ ముళ్ళపొదలో దిగి, తోకకు వెళ్ళే సన్నని బొంగు విరిగింది. ఇంటికి తెచ్చి, ఫైబర్ గుడ్డ చుట్టి, ఎపాక్సీ జిగురు బాగా పట్టించాను. అతుకు ఎంత గట్టిగా కుదిరిందంటే, దాన్ని చూసి ముచ్చటపడి, తూచడం మరిచాను. మర్నాడు చేతితో విసిరాను. గ్లైడర్ ముక్కెత్తింది, వేగం పోయింది, ముక్కు దించింది, మళ్ళీ ఎత్తింది. మూడోసారి దించినప్పుడు కింద నేల ఉంది. తర్వాత తూచి చూస్తే ఆ అతుకు 12 గ్రాములు. గ్లైడర్ బరువు సరితూగే చోటును గరిమనాభి అంటారు. అక్కడి నుంచి ఆ తోక అతుకు దూరం 70 సెంటీమీటర్లు, ముక్కులో బరువు పెట్టగల చోటు దూరం 25 సెంటీమీటర్లు. 12ను 70తో హెచ్చిస్తే 840, దాన్ని 25తో భాగిస్తే దాదాపు 34. అంటే తోకలో 12 గ్రాములు చేర్చినందుకు ముక్కులో 34 గ్రాముల సీసం పెడితే తప్ప తూకం కుదరదు, మొత్తం 46 గ్రాముల బరువు ఊరికే పెరిగినట్టు. సంతలో తక్కెడ చూసిన ప్రతి పిల్లవాడికీ ఈ లెక్క తెలుసు, కాడ పొడవున్న వైపు చిన్న రాయే పెద్ద పని చేస్తుంది. మామూలు గ్లైడర్‌కు గరిమనాభి రెక్క ముందంచు నుంచి సగటు వెడల్పులో 30 నుంచి 35 శాతం దూరంలో ఉండాలి. రెక్క కింద ఆ గీత దగ్గర రెండు వేళ్ళు పెట్టి ఎత్తితే, గ్లైడర్ ముక్కు కొద్దిగా కిందికి వాలుతూ నిలవాలి. మరమ్మతు చేసిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి.

రెక్క మెలిక తిరగకుండా చూడడం రెండో జాగ్రత్త. పైన అతికించే ఫిల్మును ఇస్త్రీపెట్టెతో వేడిచేస్తే ముడుచుకొని బిగుస్తుంది, ఒక వైపు ఎక్కువ బిగిస్తే రెక్క మొత్తం పురి తిరుగుతుంది. వెనక నిలబడి ఒక కన్ను మూసి చూస్తే రెండు వైపులా వెనకంచు ఒకేలా కనిపించాలి.

చిన్న రెక్కకు గాలి పెద్ద విమానానికి ఉన్నంత పలచగా ఉండదు. 20 సెంటీమీటర్ల వెడల్పున్న రెక్క సెకనుకు 8 మీటర్ల వేగంతో పోతే రెనాల్డ్స్ సంఖ్య, అంటే గాలి జిగటతో పోలిస్తే దాని ఊపు ఎంతో చెప్పే లెక్క, లక్ష చుట్టుపక్కల ఉంటుంది. మనిషి కూర్చునే గ్లైడర్‌కు అది పది లక్షలు దాటుతుంది. సంఖ్య తగ్గినకొద్దీ గాలి జిగట ఎక్కువ ప్రభావం చూపుతుంది, రెక్క మీది గాలి పొర తొందరగా విడిపోతుంది. అమెరికాలో ఎం.ఐ.టి. ఆచార్యులు మార్క్ డ్రెలా ఈ చిన్న గ్లైడర్ల కోసమే ప్రత్యేకంగా పలచని రెక్క ఆకారాలను గణించి అందరికీ ఇచ్చారు. పెద్ద విమానం రెక్కను చూసి చిన్నగా గీసుకుంటే సరిపోదని దీనివల్ల తెలుస్తుంది.

పరికరాల విషయంలో నేను పొదుపు మనిషిని. చేతిలో ట్రాన్స్‌మిటర్, లోపల రిసీవర్, రెండు సర్వోలు, ఒక బ్యాటరీ. మొదటి గ్లైడర్‌కు ఇవి చాలు. సర్వోకు రిసీవర్ నుంచి సెకనుకు సుమారు 50 సార్లు విద్యుత్ స్పందనలు వస్తాయి. స్పందన నిడివి ఒకటిన్నర మిల్లీసెకను అయితే సర్వో మధ్యలో నిలుస్తుంది, నిడివి తగ్గితే ఒక వైపుకు, పెరిగితే మరో వైపుకు తిరుగుతుంది. ఇప్పటి రేడియోలు 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి, ఏ రిసీవర్ ఏ ట్రాన్స్‌మిటర్ మాట వినాలో ముందే జత కలిపి ఉంచుతాము. జత కలిపేటప్పుడే, సంకేతం తెగిపోతే సర్వోలు ఏ స్థితికి రావాలో కూడా చెప్పి ఉంచాలి. నేను రడ్డర్ కొద్దిగా ఒక పక్కకు తిరిగి ఉండేలా పెడతాను, అప్పుడు గ్లైడర్ చుట్లు తిరుగుతూ దగ్గరలోనే దిగుతుంది. లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు, 3 వోల్టుల కంటే కిందికి దిగిందంటే పాడవుతుంది. ఛార్జింగ్ పెట్టి నిద్రపోకండి, మంచం దగ్గర అసలు పెట్టకండి. తల్లిదండ్రులు ఈ ఒక్క మాట గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

విసిరే ముందు గ్లైడర్ వెనక నిలబడి ట్రాన్స్‌మిటర్ మీది ఎలివేటర్ స్టిక్‌ను మీ వైపు లాగండి. ఎలివేటర్ పైకి లేవాలి. రడ్డర్ స్టిక్‌ను కుడికి తోస్తే రడ్డర్ కుడికి పోవాలి. దీనికి పది సెకన్లు పడుతుంది.

ఎత్తు సంపాదించడానికి దారులు చాలా ఉన్నాయి. ముక్కులో చిన్న బ్రష్‌లెస్ మోటారు, మడుచుకునే ప్రొపెల్లరు పెట్టవచ్చు. రెక్క కొసను వేళ్ళతో పట్టుకొని ఒంటి చుట్టూ తిరిగి విసిరే పద్ధతి ఇంకొకటి, ఆ పోటీల్లో రెక్క ఒకటిన్నర మీటరు మించకూడదు. బడి పిల్లలకు నాకు నచ్చినది రబ్బరు తాడు. 30 మీటర్ల లేటెక్స్ గొట్టం, 90 మీటర్ల నైలాను దారం, కొసన గ్లైడర్ కొక్కేనికి తగిలించే ఒక రింగు, చిన్న గుడ్డ గొడుగు. గొట్టం చివర నేలలో దిగగొట్టిన మేకు గట్టిగా ఉండాలి, దాని దగ్గర ఎవరూ నిలబడకూడదు. గ్లైడర్ బరువుకు మూడు నాలుగు రెట్ల లాగుడు వచ్చేదాకా వెనక్కి నడిచి, ముక్కు కొద్దిగా ఎత్తి వదిలితే, గాలిపటంలా పైకెక్కి, పైన రింగు దానంతట అదే జారిపోతుంది.

ఇక గాలి. నా మాటల్లో ఎక్కువ భాగం దీనికే దాచుకున్నాను.

మాఘ ఫాల్గుణాల్లో, వరి కోతలు అయిపోయి, మహేంద్రతనయ ఒడ్డున పొలాలు ఎండి బీటలు వారిన రోజుల్లో, ఉదయం పది దాటాక మైదానంలో నిలబడండి. ఎండిన పొలం తొందరగా వేడెక్కుతుంది, పక్కన చెరువు గానీ పచ్చగా ఉన్న పెసరచేను గానీ నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆ రెంటికీ మధ్య గట్టు దగ్గర వేడి గాలి నేలను విడిచి లేస్తుంది. దానినే థర్మల్ అంటాము. రైసుమిల్లు రేకుల కప్పు, తారు రోడ్డు, ఎండిన ఏటి ఇసుక కూడా ఇటువంటి చోట్లే. గాలి కంటికి కనిపించదు కానీ దాని జాడలు కనిపిస్తాయి. ఎదురుగా నిలకడగా వీచే గాలి ఉన్నట్టుండి ఆగి, వీపు మీద చల్లగా తగిలిందంటే, మన ముందు ఎక్కడో థర్మల్ లేచి చుట్టుపక్కల గాలిని లోపలికి లాక్కుంటోందని అర్థం. గడ్డిపరకలు, చెత్త కాగితం సుడి తిరిగినా అదే. అన్నిటికీ మించిన సాక్షి గద్ద. రెక్క ఆడించకుండా చుట్టు తిరుగుతున్న గద్ద కింద థర్మల్ ఉండి తీరుతుంది. గ్లైడర్‌ను గద్ద దగ్గరకు పోనివ్వకండి. అది తిరిగే వైపే తిరుగుతూ, దానికంటే దూరంగా, కిందుగా ఉండండి.

గ్లైడర్ కూడా కబురు చెబుతుంది. నేరుగా పోతున్నప్పుడు ఎడమ రెక్క దానంతట అదే లేచి, కుడికి ఒరిగితే, లేచే గాలి ఎడమన ఉందన్నమాట. అది పోయే వైపుకు పోనివ్వకుండా, ఎడమకు తిప్పాలి. కొత్తవారు ఇక్కడే పొరబడతారు, రెక్క సరిచేసి ఊరుకుంటారు. తోక కొద్దిగా లేచి వేగం పెరిగినట్టు కనిపించడం కూడా మంచి గుర్తే.

అయితే థర్మల్ ఒకచోట నిలవదు, గాలితో పాటు కొట్టుకుపోతుంది. దాని వెంట ఎంత దూరం పోవచ్చన్నది లెక్క తెలిసి చేయవలసిన పని. గ్లైడర్ వేగం సెకనుకు 8 మీటర్లు, గాలి వేగం 5 మీటర్లు అనుకుందాం. తిరిగి రావడానికి మిగిలే వేగం 3 మీటర్లే. 300 మీటర్లు పోయి తిరిగి రావాలంటే 100 సెకన్లు, సెకనుకు అర మీటరు చొప్పున 50 మీటర్ల ఎత్తు ఖర్చు. థర్మల్ విడిచిన గాలి చుట్టూ కిందికి దిగుతూ ఉంటుంది కనుక నిజానికి ఇంకా ఎక్కువే పోతుంది. అటువంటి చోట ముక్కు కొద్దిగా దించి, వేగం పెంచి, తొందరగా దాటించాలి. భయపడి ముక్కెత్తితే ఉన్న ఎత్తు కూడా అక్కడే పోతుంది. బరంపురం వైపు ఎగరవేసేవారికి మరో సంగతి. మధ్యాహ్నం సముద్రపు గాలి లోపలికి వచ్చాక, చల్లని గాలి నేల మీద పరుచుకొని థర్మల్‌లు బలహీనపడతాయి. అక్కడ ఉదయమే మంచిది.

మహేంద్రగిరి మీద నుంచి ఎగరవేద్దామని కుర్రవాళ్ళు ప్రతిసారీ అడుగుతారు. 1,501 మీటర్ల కొండ, గాలి ఎదురుగా తగిలే వాలు మీద గ్లైడర్ గంటల తరబడి నిలుస్తుందన్న మాట నిజమే. కానీ అది అడవి, గుడులున్న కొండ, యాత్రికుల దారి. గ్లైడర్ వాలుకు వెనక వైపు పడిందంటే అక్కడి గాలి సుడులు దాన్ని నేలకు కొడతాయి, వెతకడానికి దారి ఉండదు. పొలాల మధ్య ఉన్న చిన్న గుట్ట చాలు.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల్లో రేడియోతో నడిచే మోడల్ విమానాల ప్రస్తావన కూడా ఉంది. డ్రోన్ల పటంలో ఆకుపచ్చగా చూపిన, ముందుగా అనుమతి అడగనక్కరలేని ప్రాంతంలో ఎత్తు పరిమితి 120 మీటర్లు, గ్లైడర్ ఎప్పుడూ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి. గోపాలపూర్ దగ్గర సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది. విహారానికి వెళ్ళినప్పుడు సముద్రతీరం బాగుంది కదా అని అక్కడ ఎగరవేయకండి, ముందు పటంలో చూసుకోండి. మంచి థర్మల్ దొరికినప్పుడు 120 దగ్గర ఆపడం మనసుకు కష్టమే. లోపల ఎత్తు కొలిచే చిన్న పరికరం పెట్టుకుంటే ట్రాన్స్‌మిటర్ మనకు చెబుతుంది. తక్కువ ఎత్తులో థర్మల్‌ను పట్టడమే అసలైన నేర్పు కూడా. ఎఫ్5జె అనే అంతర్జాతీయ పోటీలో మోటారు 30 సెకన్లకు మించి నడపకూడదు. మోటారుతో ఎక్కిన ప్రతి మీటరుకూ 200 మీటర్ల దాకా అర పాయింటు, ఆపైన మూడు పాయింట్లు కోసేస్తారు. అందుకే పోటీలో దిట్టలైనవారు తక్కువ ఎత్తులోనే మోటారు ఆపి, మిగిలింది గాలి దగ్గర తీసుకుంటారు.

మాటలు ఇక్కడికి చాలు. బల్ల మీది గ్లైడర్ తోక లోపల, అంచు నుంచి కనబడకుండా, 12 గ్రాముల మైనం నేను పెట్టి ఉంచాను. రెక్క కింద గీతలు ఉన్నాయి, కాటా ఉంది, సీసం ముక్కలు డబ్బాలో ఉన్నాయి. మైనం తీయకుండా తూకం కుదర్చండి, తర్వాత మైనం తీసివేసి మళ్ళీ కుదర్చండి. రెండుసార్లూ మొత్తం బరువు కాగితం మీద రాసుకోండి. అయ్యాక కాలేజీ మైదానానికి నడుద్దాం. గాలి ఇప్పుడు తూర్పు నుంచి ఉంది, మేకు ఆ చివర దిగగొట్టి వచ్చాను.