పురుగులు తినే మొక్కకు ఏ పురుగు వేయాలి?

అందరికీ నమస్కారం. పలాసలో మా డాబా మీద నుంచి మాట్లాడుతున్నాను. రాత్రి వాన పడింది కదా, లైటు కింద పెట్టిన ఈ పళ్ళెం నిండా ఉసిళ్ళే. పురుగులు తినే మొక్కలు పెంచే నాలాంటివాళ్ళకు ఇలాంటి పొద్దు పండగే. అలాగని అన్నీ ఎత్తి మొక్కల్లో పోసేయకండి.

ముందు వీనస్ ఫ్లైట్రాప్. దీని పుట్టిల్లు అమెరికాలోని కరోలినా చిత్తడి నేలలు. అక్కడి మట్టిలో నత్రజని, భాస్వరం బాగా తక్కువ. ఆ లోటు పురుగులతో తీర్చుకుంటుంది. నోరులా ఉన్న ఈ ఆకు చూడండి. పురుగు దీని పొడవులో మూడో వంతు ఉంటే చాలు. నిరుడు నేను ఆశపడి పెద్ద మిడతను వేశాను. కాలు బయటికి ఉండిపోయి నోరు సరిగా మూసుకోలేదు. సందు ఉంటే పురుగు అరగదు, కుళ్ళుతుంది. దాంతో ఆకూ నల్లబడింది. దాన్ని కత్తిరించేటప్పుడు చాలా బాధేసింది.

కెమెరా దగ్గరికి తెస్తాను. లోపల సన్నటి వెంట్రుకలు కనిపిస్తున్నాయా? 20 సెకన్లలోపు రెండుసార్లు తగిలితే ఆకు మూసుకుంటుంది. ఆ తర్వాత కూడా పురుగు లోపల కదులుతుంటేనే అరిగించే రసం బాగా ఊరుతుంది. అందుకే చచ్చిన ఈగను వేస్తే మర్నాటికి నోరు తెరిచేస్తుంది. చచ్చినదే దొరికితే, ఆకు మూసుకున్నాక రెండు వేళ్ళతో ఇలా మెల్లగా నొక్కుతూ వదులుతూ ఒక నిమిషం ఉండండి. ఊరికే సరదాకి మాత్రం పుల్లతో పొడవకండి, పిల్లలకూ చెప్పండి. ఒక్కో ఆకు కొన్నిసార్లే మూసుకోగలదు.

చిన్న ఈగ, చిన్న సాలీడు, నల్లచీమ, బొద్దింక పిల్ల, ఇవన్నీ మంచివే. పెంకు గట్టిగా ఉన్న పురుగులు వద్దు. గొంగళిపురుగు ఆకునే కొరికేస్తుంది. జీడిచెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమల జోలికీ వెళ్ళకండి. కోడిమాంసం ముక్క వేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. వద్దండీ, ఆ కొవ్వుకి ఆకు కుళ్ళిపోతుంది.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యం. మా ఉద్దానంలో జీడి పూతకు టీ దోమ అనే రసం పీల్చే పురుగు పట్టకుండా మందు కొడతారు. ఆ రోజుల్లో తోటలో దొరికిన పురుగును నేను ముట్టుకోను. చూస్తే మందు తగిలిందో లేదో తెలియదు కదా. ఇంట్లో కాయిల్ పొగకి రాలిన దోమలూ అంతే. దోమల బ్యాట్‌తో చచ్చినవి అయితే ఫర్వాలేదు. వాటిని పట్కారుతో తీసి, డ్రోసెరా అని పురుగులు తినే ఇంకో మొక్క ఉంది, దాని ఆకు మీద పెట్టండి, జిగురు బొట్లకి అంటుకుంటాయి. మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిట్టి ఈగలైతే దానికి ఇంకా ఇష్టం. కూజాల్లాంటి ఆకులుండే నెపెంథిస్ మొక్కకు పెద్దగా ఏమీ చేయక్కర్లేదు, చీమలు వాటంతట అవే వచ్చి కూజాలో పడతాయి.

ఇప్పుడు ఈ ఉసిళ్ళలో అన్నిటికంటే చిన్నదాన్ని ఏరాను. రెక్కలు తీసేశాను. ఈ పెద్ద ఆకులో వేస్తున్నాను, చూడండి... ఒకటి... రెండోసారి తగిలింది. మూసుకుంది! ఇక వారం, పది రోజులు దీన్ని కదపను. మిగతా ఆకుల్లో ఈ వారానికి ఇంకేమీ వేయను.