‘ఓకే’ అన్నాక ఏమయింది?

అక్క: నమస్కారం. పోయిన వారం మాట ఇచ్చినట్టే, ఈరోజు మనుషుల మధ్య అపార్థాలకు ఇంగ్లీషులో ఉన్న జాతీయాలు.

తమ్ముడు: అద్దాల ఎపిసోడ్‌లా మాట పక్కదారి పట్టకుండా చూడు.

అక్క: కానివ్వను. మొదట లాగర్‌హెడ్స్. ఒకరు ఎడ్డెం అంటే ఇంకొకరు తెడ్డెం అనే చోట వాడతారు. తారు కరిగించడానికి పొడుగు పిడి చివర ఇనుప గుండు ఉన్న పనిముట్టు ఉండేది, దాని పేరూ అదే. దానితో కొట్టుకోవడం నుంచే జాతీయం పుట్టిందని ఒక ఊహ. ఇక క్రాస్ పర్పసెస్, అంటే ఇద్దరి ఉద్దేశాలు వేరైనా అది తెలియక మాట్లాడుకోవడం. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఆ పేరుతో పొంతన లేని ప్రశ్నలు, జవాబుల ఆట...

తమ్ముడు: ఆట కాదక్కా. స్పెయిన్ దీవి టెనెరిఫేలో జరిగిన విమాన ప్రమాదం.

అక్క: వచ్చావా అక్కడికే!

తమ్ముడు: రాక తప్పదు. 1977 మార్చి 27. పొగమంచు, ఒకే రన్‌వే మీద రెండు జంబో జెట్లు. ఒక విమానం కో-పైలట్ ‘టేకాఫ్’ అన్నాడు. కదులుతున్నామని ఆయన ఉద్దేశం, సిద్ధంగా ఉన్నారని కంట్రోలర్ అనుకున్నాడు. ‘ఓకే’ అని, వెంటనే ఆగమన్నాడు. సరిగ్గా అప్పుడే రెండో విమానం రేడియోలో మాట్లాడింది. రెండు మాటలూ కలిసిపోయిన కీచు శబ్దంలో మొదటి విమానం కాక్‌పిట్‌కు స్పష్టంగా చేరింది ‘ఓకే’ ఒక్కటే. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు.

అక్క: అది అపార్థం. క్రాస్ పర్పసెస్ అనాలంటే ఉద్దేశాలు వేరుగా ఉండాలి.

తమ్ముడు: వేరే కదా! డ్యూటీ గంటలు దాటకముందే బయలుదేరాలని కెప్టెన్‌కు. రన్‌వే ఖాళీ కావాలని కంట్రోలర్‌కు.

అక్క: మంచునూ రేడియోనూ వదిలేసి నేరం కెప్టెన్ మీదే వేస్తావా? ఒప్పుకోను.

తమ్ముడు: వేయడం లేదు. పోట్లాడుకున్నా బాగుండేది అంటున్నాను. పోట్లాటలో ఎదుటివాడు కాదంటున్నాడని తెలుస్తుంది. ఇక్కడ ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నామనుకున్నారు. అందుకే తిరిగి చెప్పించుకోవాలి.

అక్క: మళ్లీ అదేనా! కో-పైలట్ తిరిగి చెప్పాడు కదా?

తమ్ముడు: చెప్పింది గాలిలోకి లేచాక వెళ్లాల్సిన దారి గురించి. లేవడానికి అనుమతి అసలు ఇవ్వనే లేదు! ఆ తర్వాతే నియమం వచ్చింది. టేకాఫ్ అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప ఆ మాట వాడకూడదు. మిగతా చోట్ల ‘డిపార్చర్’. జవాబుగా ఉత్త ‘ఓకే’ చాలదు, అనుమతిని తిరిగి చెప్పాలి.

అక్క: ఫ్లైట్ ఇంజనీరు అడిగాడు, రెండో విమానం రన్‌వే మీద నుంచి తప్పుకోలేదా అని.

తమ్ముడు: అడిగాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పాడు.

అక్క: నాకు అక్కడే కడుపు మండుతుంది. అనుమానం వచ్చినవాడు ఇంకోసారి అడగలేకపోయాడు.

తమ్ముడు: ఇంకోసారి తిరిగి చెప్పించుకుని ఉంటే...

అక్క: ఆపు. ఇంకా మూడు జాతీయాలు ఉన్నాయి.

తమ్ముడు: సమయం అయిపోయింది.

అక్క: వచ్చే వారం?

తమ్ముడు: వచ్చే వారం శ్రోతల ఉత్తరాలు కదా.

అక్క: ఉత్తరాలని ఎవరు చెప్పారు?