లిఫ్టు పక్కన గది

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ వరసగా చెప్పమని నాకో కాగితం ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ పేర్లు చదివేశారు కాబట్టి దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటున్నాను. ఏమీ అనుకోకండి. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. నేను డాక్టర్ని కాదు. ముప్పై నాలుగేళ్లు ఆడిట్ పని చేసి రిటైరైన మనిషిని. మా అక్కకి జబ్బు చేసినప్పుడు ఆఖరి దాకా దగ్గరున్నది నేనే కాబట్టి పిలిచారు, అంతే.

ఆహ్వానం కార్డులో నా అంశం 'ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ పాలియేటివ్ సేవలు పొందడం ఎలా' అని వేశారు. పాలియేటివ్ అంటే పెద్ద జబ్బులో నొప్పీ బాధా తగ్గించి, మనిషికీ కుటుంబానికీ తోడుండే వైద్యం. దాని మీద నాలుగు పాయింట్లు రాసుకొచ్చాను, చెబుతాను. ముందు మాత్రం ఒక గది గురించి చెప్పనివ్వండి.

అక్క చికిత్స తీసుకున్న ఆసుపత్రిలో కింది అంతస్తులో, స్కానింగ్‌కి వెళ్లే దారిలో, లిఫ్టు పక్కన ఒక గది ఉండేది. తలుపు మీద 'పాలియేటివ్ కేర్' అని చిన్న బోర్డు. తొమ్మిది వారాల పాటు అక్కని వీల్‌చైర్‌లో కూర్చోబెట్టుకుని ఆ తలుపు ముందు నుంచే తోసుకెళ్లాను. బోర్డు చదివాను కూడా. ఫిజియోథెరపీ లాంటిదేదో అనుకున్నాను. ఒకరోజు లిఫ్టు రావడం ఆలస్యమైంది. అక్క ఆ బోర్డు చూసి "అదేంట్రా?" అంది. "మనకి సంబంధించింది కాదులే అక్కా" అన్నాను.

ఆ తొమ్మిది వారాలూ ఆవిడ పడుకోలేదు. పాంక్రియాస్‌లో కేన్సర్. ఆ నొప్పి కడుపులోంచి వీపులోకి పొడుచుకొస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకి వంగితే కాస్త తగ్గుతుంది. అందుకని మంచం మీద కూర్చుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదకి వాలి తెల్లారే దాకా అలాగే ఉండేది. పొద్దున రౌండ్స్‌కి డాక్టరు గారొచ్చి "ఎలా ఉందమ్మా?" అంటే "పర్లేదండీ" అనేది. ఆయన వెళ్లాక కోప్పడేవాణ్ణి, అలా ఎందుకు చెప్పావని. "నొప్పంటే తట్టుకోలేకపోతోందని కీమో ఆపేస్తారేమోరా" అంది. నొప్పి చెప్పుకుంటే వైద్యం పోతుందనే భయం మా అక్క ఒక్కదానిదే కాదు. తరవాత నేను కలిసిన పేషెంట్లలో చాలామంది ఇదే మాట చెప్పారు.

ఒక శుక్రవారం సాయంత్రం డాక్టరు గారు నన్ను వరండాలోకి పిలిచి ఒక మాటన్నారు. "ఇక మేం చేయగలిగిందేమీ లేదు. ఇంటికి తీసుకెళ్లండి." చేతికి మూడు పేజీల డిశ్చార్జి సమ్మరీ వచ్చింది. నా వృత్తి కాగితాలు చదవడం. మూడు పేజీలూ చదివాను. అర్ధరాత్రి నొప్పొస్తే ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఆ నొప్పి శనివారం రాత్రి రెండింటికి వచ్చింది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎమర్జెన్సీకి తీసుకురమ్మన్నారు. తీసుకెళితే స్ట్రెచర్ మీద, వరండాలో, ట్యూబ్‌లైటు కింద నాలుగు గంటలు. అక్కడ నైట్ డ్యూటీలో ఉన్న ఒక సిస్టర్ నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పింది: "కింద లిఫ్టు పక్కన గదుంది కదండీ. సోమవారం పొద్దున్నే వెళ్లండి. పై డాక్టరు గారు రాసివ్వకపోతే మీరే అడగండి."

మీరే అడగండి. ఇవాళ నేను మోసుకొచ్చిన మాట ఇదొక్కటే. నాలుగు పాయింట్లూ మర్చిపోయినా ఫరవాలేదు.

సోమవారం ఆ గదిలో డాక్టరమ్మ మా కోసం ముప్పావు గంట కూర్చుంది. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. మీది ఎంతని అడిగింది. అక్క ఆరంది. ఆవిడ రాసుకోలేదు. "రాత్రి ఎలా పడుకుంటున్నారు?" అని మళ్లీ అడిగింది. "కూర్చునే పడుకుంటానండీ" అంది అక్క. ఆవిడ కలం తీసి అది రాసుకుంది. ఎన్ని నెలలైంది, మలవిసర్జన ఎలా అవుతోంది, నోరు ఎండుతోందా, దేని గురించి ఎక్కువ టెన్షన్ పడుతున్నారు అని వరసగా అడిగింది. తరవాత నా వైపు తిరిగి "మీరు నిద్రపోతున్నారా?" అంది. తొమ్మిది వారాల్లో నన్నెవరైనా ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

మార్ఫిన్ అనే గట్టి నొప్పి మందు మాత్రలు రాసింది. అక్క ముఖం పాలిపోయింది. బయటికొచ్చాక "అది మొదలుపెట్టారంటే ఇక అయిపోయినట్టేగా?" అంది. నాకూ అదే అనుమానం, పైగా అలవాటు పడిపోతుందేమోనని ఇంకో భయం. మళ్లీ లోపలికెళ్లి అడిగాం. డాక్టరమ్మ విసుక్కోలేదు. నొప్పికి తగ్గ మోతాదులో, కొద్దికొద్దిగా పెంచుతూ, గమనిస్తూ ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదని, నొప్పి కోసం వాడుతున్న మనిషిలో వ్యసనం అనే మాట అరుదని చెప్పింది. మాత్ర ప్రభావం నాలుగు గంటలుంటుంది కాబట్టి నొప్పి వచ్చే దాకా ఆగకుండా గడియారం చూసి వేయాలంది. మొదట్లో రెండు మూడు రోజులు మత్తుగా, వికారంగా ఉండొచ్చు, సర్దుకుంటుందంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. వీళ్లలో ఒక మాటుంది, మార్ఫిన్ రాసిన చెయ్యే విరేచనాల మందు కూడా రాయాలని. ఆ మందు రాయకుండా ఇస్తే అడగండి, మర్చిపోయి ఉంటారు.

మూడో రాత్రి అక్క పడుకుంది. వెల్లకిలా, చేతులు చాపుకుని. నేను మాత్రం పడుకోలేదు. ఊపిరి తీస్తోందా లేదా అని ఛాతీ వైపు చూస్తూ కూర్చున్నాను. పొద్దున లేచి "నన్ను అలా గుడ్లప్పగించి చూస్తావేంట్రా?" అంది.

నవ్వండి, ఫరవాలేదు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నా పాయింట్లలోకి వస్తాను. ఇదేదో నిన్న మొన్న పుట్టిన వ్యవహారం కాదు. సిసిలీ సాండర్స్ అనే ఆవిడ ముందు నర్సుగా, తరవాత ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌గా పనిచేసి, నొప్పి గురించి మాట్లాడితే డాక్టర్లు వినాలంటే తనూ డాక్టరవ్వాలని మళ్లీ చదువుకుంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచింది. హాస్పిస్ అంటే నయం కాని జబ్బున్నవాళ్లని ఆఖరి రోజుల్లో చూసుకునే చోటు. రెండేళ్లకే, 1969లో, అక్కడి బృందం ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టింది. అంటే ఆసుపత్రి, ఇల్లు అని రెండు వేరు వేరు సేవలు కావివి. ఒకే సేవకి రెండు కాళ్లు. నొప్పంటే ఒంటి నొప్పి ఒక్కటే కాదని, మనసుది, కుటుంబానిది, నమ్మకాలది అన్నీ కలిసి మొత్తం నొప్పని ఆవిడే అంది. 'పాలియేటివ్' అన్న పేరు మాత్రం కెనడా డాక్టరు బాల్ఫోర్ మౌంట్ పెట్టింది. 1975లో మాంట్రియల్‌లో వార్డు తెరిచినప్పుడు హాస్పిస్ అందామంటే, ఫ్రెంచివాళ్లకి ఆ మాట దిక్కులేనివాళ్ల సత్రంలా వినిపిస్తుంది. అందుకని ఈ పేరు ఎంచుకున్నాడు. దీని మూలం లాటిన్‌లో పాలియం, అంటే పైన కప్పుకునే వస్త్రం. ఆ రోజు లిఫ్టు దగ్గర 'కప్పే గది' అని రాసున్నా నేను తలుపు తట్టేవాణ్ణేమో!

ఇది చివరి వారంలో ఇచ్చే వైద్యం కాదు. దీని మీద పట్టుబట్టి చెబుతాను, ఎందుకంటే డాక్టర్లే చాలామంది అలా అనుకుంటారు. 2010లో అమెరికాలో ఊపిరితిత్తుల కేన్సర్ ముదిరిన 151 మంది మీద జరిగిన అధ్యయనం అచ్చయింది. అందరికీ మామూలు చికిత్స ఇచ్చారు. సగం మందికి జబ్బు తేలిన తొలి వారాల నుంచే పాలియేటివ్ బృందం కూడా తోడైంది. వాళ్ల రోజులు మెరుగ్గా గడిచాయి, కుంగుబాటు తగ్గింది. చివర్లో ఒంటికి భారమయ్యే చికిత్సలు తక్కువ తీసుకున్నారు, అయినా ఎక్కువ కాలం బతికారు. మధ్యస్థ లెక్కలో, అంటే సగం మంది దాటి బతికిన కాలం చూస్తే, వాళ్లు 11.6 నెలలు, మిగతావాళ్లు 8.9 నెలలు. కీమో నడుస్తుండగానే ఆ గదికి వెళ్లొచ్చు. డయాలసిస్ నడుస్తుండగా వెళ్లొచ్చు. గుండె బలహీనపడ్డవాళ్లు, ఊపిరితిత్తులు పాడైనవాళ్లు, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు, ఎవరైనా వెళ్లొచ్చు. కేన్సరే అక్కర్లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఈ సేవ అవసరం. అందుతున్నది సుమారు 14 శాతానికి. ఆడిటర్ని కాబట్టి నా కళ్లు మిగిలిన 86 మీదకే పోతాయి. అందులో ఎక్కువమందికి అసలు గదే లేదు, మార్ఫిన్ కూడా దొరకదు. గది ఉన్నా దాని పక్క నుంచి వెళ్లిపోయినవాళ్లూ ఆ 86లోనే ఉంటారు. తొమ్మిది వారాల పాటు మేమూ అందులోనే ఉన్నాం. డబ్బున్న దేశాలకే ఇది సాధ్యమనుకోకండి. కేరళలో కాలికట్‌లో 1993లో కొద్దిమంది మొదలుపెట్టిన పని చుట్టుపక్కల మామూలు మనుషుల చేతుల్లోకి వెళ్లింది. వారానికి రెండు గంటలిచ్చే వాలంటీర్లతో ఇళ్లకి చేరింది. 2008కి ఆ రాష్ట్రం దీనికో విధానమే తెచ్చింది.

ఇక్కడ డాక్టర్లు ఎంతమంది ఉన్నారు? ఒకసారి చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. మిమ్మల్ని బతిమాలుతున్నాను, ఆ వాక్యం మానేయండి. 'ఇక చేయగలిగిందేమీ లేదు' అన్న వాక్యం. ఆడిట్‌లో అయితే దీన్ని తప్పుడు స్టేట్‌మెంట్ అంటాం. మీరన్న రెండున్నర రోజులకి, మీకు రెండంతస్తుల కింద, మీ సహోద్యోగే బోలెడు చేసింది. 'కణితిని తగ్గించే మందు ఇక లేదు, కానీ నొప్పి తగ్గించేవాళ్లు కింద ఉన్నారు, నేనే రాసిస్తాను' అనండి. పది సెకన్లు పడుతుంది.

టైమైపోతోందని చీటీ పంపారు. ఇంకో ఐదు నిమిషాలు తీసుకుంటాను.

డిశ్చార్జి రోజు సంతకం పెట్టే ముందు అడగాల్సినవి అడగండి. రాత్రిపూట ఫోన్ ఎవరెత్తుతారు? మందులు ఎన్ని రోజులకి సరిపడా ఇస్తున్నారు? శుక్రవారమైతే సోమవారం దాకా సరిపోతాయా? మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేసే అదనపు డోసు ఎంత, ఎన్నిసార్లు వేయొచ్చు? మింగలేని రోజు వస్తే ఏం చేయాలి? ఇంటికి నర్సు వస్తారా, ఎన్నాళ్లకోసారి? ఇంకోటి, నోరు రాని ప్రశ్న. ఇంట్లో రాత్రిపూట ప్రాణం పోతే సర్టిఫికెట్ ఎవరిస్తారు? ఇది అడగడానికి నాకు మూడు రోజులు పట్టింది. అడిగితే నర్సు మామూలుగా జవాబు చెప్పి, పేరూ నంబరూ రాసిచ్చింది. అడక్కపోయుంటే ఆ రాత్రి మళ్లీ అంబులెన్స్‌కి ఫోన్ చేసేవాణ్ణి.

ఇంటికొచ్చే నర్సు ఏం చేస్తుందని చాలామంది అడుగుతారు. మా ఇంటికొచ్చినావిడ మొదట చెప్పులు విప్పి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. అక్కకి తలెత్తకుండానే ఆవిడ ముఖం కనిపించాలని. తరవాత నాకు పాఠం మొదలైంది. రెండు గంటలకోసారి ఒత్తిగిలేలా పక్కకి తిప్పడం, మడమల కింద మెత్త పెట్టడం, శుభ్రమైన గుడ్డ తడిపి నోరు తుడవడం, పెదాలు ఆరిపోకుండా చూడడం. ఆయాసంగా ఉన్నప్పుడు ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టమంది. అంత పెద్ద జబ్బుకి ఇదేం వైద్యమనుకున్నాను, కానీ పనిచేసింది. ఆఖరి వారంలో అక్క తినడం మానేస్తే చెంచాతో బలవంతాన పెట్టబోయాను. సిస్టర్ చెయ్యి పట్టుకుంది. "తినకపోబట్టి నీరసం కాదండీ. ఒళ్లు ముగింపుకొచ్చింది కాబట్టి తిండి వద్దంటోంది. ఇప్పుడు బలవంతం చేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది" అంది. ఆ చెంచా అక్కడ పెట్టడం ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని.

ఇదిగో, ఇది నా నోట్‌బుక్. టైము, నొప్పి ఎంత, ఏ మాత్ర, విరేచనం అయిందా లేదా అని నాలుగు గళ్లు. ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి పదింటికి డోసు రెట్టింపు, మధ్యలో లేపక్కర్లేకుండా. మా డాక్టరమ్మ మాకు చెప్పింది ఇది, మీకు మీ డాక్టరే చెప్పాలి. నలభై రెండు రోజుల లెక్క ఉంది ఇందులో. పన్నెండో రోజు దగ్గర 'అక్క నా రాత బాగాలేదంది' అని ఉంది. చివరి మూడు రోజులూ మాత్ర గడి ఖాళీ. మింగలేకపోతే సిస్టరొచ్చి చర్మం కింద సన్న సూది పెట్టి, మందు కొద్దికొద్దిగా ఎక్కే చిన్న పంపు అమర్చింది.

అంతా అయ్యాక నాలుగో రోజు మిగిలిన మార్ఫిన్ మాత్రలు తీసుకుని ఆ గదికి వెళ్లాను. వాటికి కట్టుదిట్టమైన లెక్కుంటుంది, ఇంట్లో ఉంచుకోకూడదు. సిస్టర్ బల్ల మీద పోసి లెక్కపెట్టింది. పద్నాలుగు. నా నోట్‌బుక్‌లోనూ పద్నాలుగే. ఇద్దరం సంతకాలు పెట్టాం. బయటికొచ్చేసరికి లిఫ్టు దగ్గర ఒకాయన వీల్‌చైర్ పట్టుకుని నిలబడి, తలుపు మీది బోర్డు చదువుతున్నాడు.

వెనక వరసలో ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా. మైకు ఆవిడకివ్వండి.