బస్సు ఐదో అంశం, కంచె ఆరో అంశం

(ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

భోజనాలకు ముందు మైకు ఇచ్చారు కాబట్టి నా పరిస్థితి నాకు తెలుసు. లోకల్ కౌన్సిల్ కమిటీ మీటింగుల గురించి మాట్లాడతానని చెప్తే నిర్వాహకులు ఒక్క క్షణం నా ముఖం చూసి, "ఇంకేదైనా టాపిక్ ఉందా అండీ?" అన్నారు. లేదన్నాను.

మూడేళ్ల క్రితం దాకా నేనూ అంతే. కౌన్సిల్ అంటే నాకు తెలిసినవి రెండే: నెలనెలా కట్టే ట్యాక్స్, ఈ వారం ఏ రంగు బిన్ను బయట పెట్టాలన్న టెన్షన్. ఆ తర్వాత మా బస్సు పోయింది.

మా ఊరి పేరు చెప్పను. రైల్వే స్టేషన్ నుంచి ఊళ్లోకి మైలు దూరం. అందులో సగం సన్నటి లేన్, రెండు వైపులా పొదల కంచె. పక్కన ఒక్క మనిషి పట్టేంత కాలిబాట ఉంది కానీ దీపాల్లేవు. సాయంత్రం 7.50కి స్టేషన్ దగ్గర ఒక బస్సు ఉండేది. మా ఆవిడ కేర్ హోమ్‌లో డ్యూటీ దిగి, రైలెక్కి వచ్చి, ఆ బస్సు పట్టుకునేది. ఒకరోజు బస్ స్టాప్‌లో కాగితం అంటించారు. వచ్చే నెల నుంచి చివరి బస్సు 6.10కట. ఫోన్ చేస్తే కంపెనీ వాళ్లు కౌంటీ కౌన్సిల్‌ని అడగమన్నారు, కౌంటీ వాళ్లు ఈమెయిల్ పెట్టమన్నారు. ఈమెయిల్‌కి జవాబుగా నా ఈమెయిల్ అందిందని మాత్రం వచ్చింది.

పక్కింటి పెద్దావిడ చెప్తే కమిటీ మీటింగ్‌కి వెళ్లాను. కమ్యూనిటీ హాల్లో ఎనిమిది మంది కౌన్సిలర్లు, ఒక క్లర్క్, జనం కోసం వేసిన ఇరవై కుర్చీల్లో నలుగురం. ఎజెండాలో నాలుగో అంశం పోలీసు రిపోర్టు, ఐదోది రవాణా, ఆరోది పల్లె పరిసరాల రక్షణ.

నాలుగో అంశంలో పీసీఎస్‌వో, అంటే పోలీసులకు తోడుగా ఊళ్లో తిరిగే ఉద్యోగిని, ఒకమ్మాయి కాగితం చూసి చదివింది. షెడ్డులో దొంగతనాలు ఇన్ని, వేగంగా వెళ్లే వాహనాల మీద ఫిర్యాదులు ఇన్ని, పొలం గట్టున రాత్రిపూట పారబోసిన చెత్త కుప్పలు ఇన్ని. అవగానే పక్కింటావిడ లేచి, రాత్రి ఆ లేన్‌లో నడవాలంటే భయమేస్తోందంది. చైర్మన్‌గారు చాలా మర్యాదగా, అక్కడ నేరమేదీ నమోదు కాలేదనీ, నడవాల్సి రావడమన్నది రవాణా అంశమనీ చెప్పారు. ఐదో అంశంలో నేను లేచాను. బస్సు లేక ఆ లేన్‌లో నడుస్తున్నాం, దీపాలైనా వేయండన్నాను. దీపాలు వేస్తే రాత్రి ఆకాశం చీకటి చెడుతుంది, గబ్బిలాలకు ఇబ్బంది, అది ఆరో అంశమన్నారు. ఆరో అంశంలో ఇంకొకాయన, కంచె పెరిగిపోయి కాలిబాటను మింగేసింది, జనం రోడ్డు మీదికి దిగి నడుస్తున్నారన్నారు. చైర్మన్ మళ్లీ అంతే మర్యాదగా, రోడ్డు మీద నడిచేవాళ్ల భద్రత సంగతైతే పోలీసు రిపోర్టులో అడగాల్సిందన్నారు.

నవ్వకండి. ఆయన మంచివాడే. ఆయన చేతిలో ఉన్నది ఒక ఎజెండా, ఒక గడియారం. ఆ రాత్రి ఇంటికి వెళ్తూ నాకర్థమైంది, మేం ముగ్గురం మాట్లాడింది ఒకే అర మైలు గురించి అని. దాన్ని మూడు ముక్కలు చేసి మూడు వరుసల్లో టైపు చేశారంతే.

ఎందుకలా చేశారో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మనకు పంచాయతీ అంటే సర్పంచ్, వార్డు మెంబర్లు, ఆఫీసు కళ్ల ముందుకొస్తాయి. ఇంగ్లండ్ పల్లెల్లో ఆ పని పంచుకునేవాళ్లు చాలామంది. అన్నిటికన్నా కింద పారిష్ కౌన్సిల్. 1894 చట్టంతో పుట్టింది. పేరు చర్చి నుంచి వచ్చినా, ఊరి వ్యవహారాలను చర్చి నుంచి విడదీయడానికే ఆ చట్టం తెచ్చారు. టౌన్ కౌన్సిళ్లతో కలిపి ఇలాంటివి దేశంలో సుమారు పదివేలు, వాటి సభ్యుల్లో ఎక్కువమందికి పైసా జీతం ఉండదు. పైన డిస్ట్రిక్ట్ కౌన్సిల్ బిన్నులు, ఇళ్ల ప్లానింగ్ చూస్తుంది. ఆ పైన కౌంటీ రోడ్లు, పొలాల్లో నడకదారులు చూస్తుంది, బస్సుకు సబ్సిడీ ఇస్తుంది. కొన్నిచోట్ల ఈ రెండూ ఒకటే. పోలీసులు వీళ్లెవరి మాట కిందా లేరు. బస్సు ప్రైవేటు కంపెనీది. కంచె రైతుది. అంటే ఆ ఎనిమిది మంది బల్ల చుట్టూ కూర్చుని ఎవరికీ ఆర్డర్ వేయలేరు. అడగగలరు, ఉత్తరం రాయగలరు, గుర్తు చేయగలరు.

బస్సు సంగతి కొంచెం వివరంగా చెప్తాను, మనలో చాలామందికి ఇది తెలియదు. 1963లో రైల్వే బోర్డు చైర్మన్ బీచింగ్ ఇచ్చిన రిపోర్టు రెండువేలకు పైగా రైల్వే స్టేషన్లు మూసేయమంది. రైలు పోయిన ఊళ్లకు బస్సే దిక్కయింది. తర్వాత 1985లో ట్రాన్స్‌పోర్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం 1986 అక్టోబర్ 26 నుంచి, లండన్ తప్ప మిగతా ఇంగ్లండ్‌లో ఏ కంపెనీ అయినా తనకు లాభమనిపించిన రూటు తీసుకుని నడుపుకోవచ్చు. లాభం రాని రూటు జనానికి అవసరమనిపిస్తే, కౌన్సిల్ టెండర్ పిలిచి డబ్బిచ్చి నడిపించాలి. కాబట్టి మా 7.50 బస్సంటే కౌంటీ బడ్జెట్‌లో ఒక లైను. ఆ లైను కొట్టేసినవాళ్లకు మా ఆవిడ డ్యూటీ టైము తెలియదు, తెలియాల్సిన అవసరమూ వాళ్లకు కనబడలేదు. టికెట్ ధర మీద పరిమితి పెట్టారు కదా అంటారు. 2023 జనవరిలో రెండు పౌండ్లు, 2025 జనవరి నుంచి మూడు. మంచిదే. కానీ రాని బస్సుకు టికెట్ ఎంతైతే ఏం? గ్రేటర్ మాంచెస్టర్ వాళ్లు 2023 సెప్టెంబర్‌లో మొదలుపెట్టి 2025 జనవరికల్లా బస్సులన్నిటినీ మళ్లీ తమ అదుపులోకి తెచ్చుకున్నారు. రూట్లు, టైములు, ఛార్జీలు అక్కడ ఇప్పుడు కంపెనీల ఇష్టం కాదు. మా కౌంటీలో ఆ మాటెత్తితే ఆఫీసర్లు కిటికీ వైపు చూస్తారు.

పోలీసుల విషయానికొస్తే, మనవాళ్లకు ఒక అపోహ ఉంది. నీలం టోపీ పెట్టుకుని తిరిగే పీసీఎస్‌వోని చూసి పోలీసనుకుంటాం. 2002 పోలీస్ రిఫార్మ్ చట్టంతో వచ్చిన ఉద్యోగం అది. కానిస్టేబుల్‌కి ఉన్నట్టు అరెస్టు చేసే అధికారం వాళ్లకు లేదు. వాళ్ల బలమంతా ఊరు తెలిసి ఉండడంలో ఉంది. ఏ ఇంట్లో ముసలాయన ఒంటరిగా ఉంటున్నాడు, ఏ మలుపులో కుర్రాళ్లు చేరుతున్నారు, ఇవన్నీ తెలియడానికి ఏడాది పడుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయిని ఇంకో ఏరియాకి మార్చేస్తారు. కమిటీలో ఎక్కువసార్లు వినిపించిన ఫిర్యాదు నాకు తెలిసి ఇదే, దొంగతనాలు కూడా దీని తర్వాతే.

ఇంకో మాట. ఆ రిపోర్టులో అంకెలు ఫిర్యాదు చేసినవాటివే. దీపావళి వస్తోందంటే మన ఇళ్లలో బంగారం జాగ్రత్త అని పోలీసులు చెప్తుంటారు కదా. అయినా ఏదైనా జరిగితే మనం చుట్టాలకు ఫోన్ చేస్తాం, వాట్సాప్ గ్రూపులో పెడతాం, 101కి మాత్రం చేయం. అత్యవసరం కాని వాటికి ఉన్న నంబరు అదే. మనం చెప్పనిది ఆ కాగితం మీద జరగనట్టే. "అక్కడ నేరమేదీ నమోదు కాలేదు" అని చైర్మన్ అన్నప్పుడు ఆయన అబద్ధం చెప్పలేదు.

మా లేన్‌లో వేగం సంగతికి మాత్రం ఒక దారి దొరికింది. స్పీడ్‌వాచ్ అని, ఊరివాళ్లే పసుపుపచ్చ జాకెట్లు వేసుకుని, పోలీసులు ఒప్పుకున్న చోట నిలబడి, చేతి మిషన్‌తో వేగం కొలిచి రాసుకోవచ్చు. జరిమానా ఉండదు, కారు ఓనరుకి పోలీసుల నుంచి ఉత్తరం వెళ్తుంది. నేనూ మా ఆవిడా చేరాం. పొరుగూళ్ల వాళ్లే స్పీడుగా పోతారని అందరి నమ్మకం. మొదటిరోజు రాసుకున్న నంబర్లలో ఒకటి మా వీధి కారుదే. నెలరోజులు వాళ్లు మాతో మాట్లాడలేదు.

ఇక కంచె. నేను చూసిన వాటిలో ఇంత రసవత్తరమైన గొడవ ఇంకోటి లేదు. మన కళ్లకు అది పిచ్చిపొద. ఇక్కడివాళ్లకు అది వందల ఏళ్ల గట్టు. 1997 నుంచి ఉన్న నిబంధనల ప్రకారం పొలాల్లో ఇలాంటి కంచెను పెకలించాలంటే ముందు కౌన్సిల్‌కి నోటీసివ్వాలి, అభ్యంతరం చెప్పడానికి వాళ్లకు 42 రోజులు. పెకలించడం కాదు, కొమ్మలు కొట్టమనే మేం అడిగింది. రోడ్డుకి అడ్డంగా పెరిగితే కొట్టమని రైతుకి నోటీసివ్వడానికి 1980 హైవేస్ చట్టంలో అధికారముంది. కానీ మేం అడిగింది ఏప్రిల్‌లో. పక్షులు గూళ్లు కట్టే కాలం. గూడు పాడుచేస్తే 1981 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఆగస్టు దాకా ఆగమన్నారు రైతు. నాకు కోపమొచ్చింది. తర్వాత ఒకరోజు సాయంత్రం ఆ కంచె పక్కన నిలబడి విన్నాను, లోపల కిచకిచలు. కోపం సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది, ఎందుకంటే మా ఆవిడ ఆ రోజు కూడా రోడ్డు మీదే నడిచి వచ్చింది.

అప్పుడే ఒక మీటింగులో ఒక పెద్దాయన మూలనున్న కుర్చీలోంచి లేచి, అసలు మీరు లేన్‌లో ఎందుకు నడుస్తున్నారు, స్టేషన్ నుంచి పొలంలోంచి దారుంది కదా అన్నారు. ఎవరికీ తెలియదు. ఆయన చిన్నప్పుడు అందరూ అందులోంచే నడిచేవారట. ఇలాంటి దారుల వెనక పెద్ద కథే ఉంది. 1932 ఏప్రిల్ 24న పీక్ డిస్ట్రిక్ట్‌లో కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కొన్ని వందలమంది కావాలనే అనుమతి లేకుండా ఎక్కారు, కొందరు జైలుకీ వెళ్లారు. నడిచే హక్కు కోసం ఏళ్ల తరబడి సాగిన అలాంటి పోరాటాల తర్వాత 1949లో ఒక చట్టం వచ్చింది. నేషనల్ పార్కులు దాంతోనే వచ్చాయి. కౌంటీలు నడకదారులన్నిటినీ మ్యాపులో గుర్తించాలని కూడా అదే చట్టం చెప్పింది. ఆ మ్యాపులోకెక్కిన దారి హక్కు, దయ కాదు. మా దారి ఆ మ్యాపులో ఉంది. ముళ్లతీగ అడ్డం పెట్టారు, ఎక్కి దాటే చెక్కమెట్టు విరిగిపోయింది. కౌంటీకి రాస్తే మూడు నెలల్లో బాగుచేశారు. బస్సు కోసం పెట్టిన ఈమెయిళ్లకు రాని కదలిక దీనికి వచ్చింది, చట్టంలో అంత స్పష్టంగా ఉంది కాబట్టి. వేసవిలో ఆ దారి స్వర్గం. నవంబర్‌లో మోకాలిలోతు బురద.

ఈ మూడేళ్లలో నేను నేర్చుకున్న అతి విలువైన వాక్యం ఒకటుంది: "దయచేసి ఇది మినిట్స్‌లో రాయండి." మినిట్స్ అంటే మీటింగులో ఎవరేమన్నారో రాసిపెట్టే రికార్డు. మొదటిసారి నేను ఐదు నిమిషాలు ఆవేశంగా మాట్లాడాను. తర్వాతి నెల మినిట్స్ చూస్తే "ఒక నివాసి బస్సు గురించి మాట్లాడారు" అని ఉంది. రెండోసారి కాగితం మీద రాసుకుని వెళ్లాను. మాట్లాడడానికి సాధారణంగా మూడు నిమిషాలే ఇస్తారు, అది చాలు. 1998 నేరాల చట్టంలో 17వ సెక్షన్ ఒకటుంది. కౌన్సిల్ ఏ పనిచేసినా, దానివల్ల నేరాలు పెరుగుతాయా తగ్గుతాయా అన్నది చూసుకోవాలని చెప్తుంది. పారిష్ కౌన్సిల్‌కి కూడా ఇది వర్తిస్తుంది. బస్సు తీసేటప్పుడు, దీపం వద్దనేటప్పుడు, ఇది చూశారా అని అడిగాను. క్లర్క్ తలెత్తి చూసి, రాసుకుంది. ఆ నెల మినిట్స్‌లో లేన్, బస్సు, కంచె మూడూ ఒకే పేరాలో వచ్చాయి. రెండేళ్ల తర్వాత బస్సు టెండర్ మళ్లీ వచ్చినప్పుడు కౌంటీ ఆఫీసర్ చదివి వినిపించింది ఆ పేరానే. పాత బస్సు రాలేదు. గురు, శుక్రవారాల్లో 8.05కి ఒకటి వచ్చింది. మా ఆవిడ డ్యూటీలు ఆ రెండు రోజులకీ మార్పించుకోవడానికి ఇంకో యుద్ధం చేసింది, అది వేరే ప్రసంగం.

మిమ్మల్ని లోపలికి రానివ్వరేమో అని సందేహం వద్దు. కౌన్సిల్ మీటింగుల్లో జనం కూర్చునే హక్కుకి 1960లో చట్టముంది. అప్పుడే కొత్తగా ఎంపీ అయిన మార్గరెట్ థాచర్ పార్లమెంటులో మొదటి ప్రసంగం చేసింది ఆ బిల్లు మీదే. 2014 నుంచి వీడియో కూడా తీసుకోవచ్చు. చెషైర్‌లో హ్యాండ్‌ఫర్త్ పారిష్ కౌన్సిల్ వాళ్ల జూమ్ గొడవ 2021లో ప్రపంచమంతా చూసి నవ్వింది, మీరూ ఫార్వర్డ్ చేసే ఉంటారు. మామూలు మీటింగులు అంత వినోదంగా ఉండవు, ముందే చెప్తున్నాను.

ఓటు సంగతి కూడా. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు, కామన్వెల్త్ పౌరులుగా, వీసా మీద ఇక్కడ నివాసముంటున్నా ఓటరుగా నమోదు కావచ్చు. పోలింగ్‌లో చూపించే ఐడీగా ఆ పాస్‌పోర్టే చెల్లుతుంది. శాశ్వత నివాసం వచ్చాక నిలబడవచ్చు కూడా. చాలా పారిష్‌లలో సీట్లు ఖాళీగా ఉండి, వచ్చినవాళ్లను పిలిచి కూర్చోబెడుతున్నారు. ఇక్కడున్న వాళ్లలో ఎంతమంది నమోదయ్యారో చేతులెత్తమని అడగను, భోజనం ముందు ఎవర్నీ ఇబ్బంది పెట్టకూడదు.

మా లేన్‌లో దీపం ఇంకా తేలలేదు. నేలవైపు మాత్రమే వెలుగు పడే దీపాలు, పదకొండుకి ఆరిపోయేవి పెడదామని ఒక ప్రతిపాదన. గబ్బిలాల వైపు మాట్లాడే ఆయన సగం ఒప్పుకున్నారు. వచ్చే మంగళవారం ఏడు గంటలకు మళ్లీ ఎజెండాలో ఉంది, ఆరో అంశం. మీటింగ్ అయ్యేసరికి తొమ్మిదవుతుంది, ఆ టైముకి బస్సు ఉండదు. నా కారులో ముగ్గురికి చోటుంది.